కడుపు జబ్బుకు జిల్లాలోనా, హైదరాబాద్‌లోనా? నల్లగొండ, పాలమూరు వాళ్లు తేల్చుకోవలసిన సంగతులు

కడుపులో మంట నెల రోజులైనా తగ్గలేదంటే చాలు, ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ ఒకే సలహా ఇస్తాడు: "హైదరాబాద్ తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించండి." నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లే. మొదటిసారి వెళ్లడం ఎవరికీ కష్టం కాదు. పని మానుకుని, నాలుగు చోట్ల చేబదులు తెచ్చుకుని, కొడుకునో అల్లుడినో వెంటబెట్టుకుని వెళ్లి వస్తారు. కష్టమంతా రెండోసారి, మూడోసారి వెళ్లవలసి వచ్చినప్పుడే.

జీర్ణకోశ వ్యాధుల్లో ఒక్క చూపుతో తెగేవి తక్కువ. కడుపులో హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని తేలితే సాధారణంగా 14 రోజుల మందులు వాడాలి. అవి అయిపోయాక కనీసం 4 వారాలు ఆగి, అది పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి. లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉంటే కొన్ని నెలలకోసారి రక్తపరీక్షలు ఏళ్ల తరబడి సాగుతాయి. లివర్ గట్టిపడి సిరోసిస్ దాకా వచ్చినవాళ్లకు 6 నెలలకోసారి స్కానింగ్, మధ్యలో ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) తప్పవు. పెద్దపేగు పూతకు, అంటే అల్సరేటివ్ కొలైటిస్‌కు, చాలామంది జీవితాంతం మందు వాడాలి. వీళ్లలో సగంలో వైద్యం వదిలేసినవాళ్లను ఎందుకు వదిలేశారని అడిగి చూడండి. డాక్టరు మంచివాడు కాదని చెప్పేవాళ్లు అరుదు. అంత దూరం మళ్లీ మళ్లీ పోలేకపోయామనే చెబుతారు. అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను మొదట వేసే ప్రశ్న ఒకటి ఉంది: ఈ డాక్టరు దగ్గరికి నాలుగోసారి కూడా వెళ్లగలరా? ఇక్కడ చేస్తున్న పోలికంతా ఆ ప్రశ్న మీదే నడుస్తుంది.

పోలికలు పెట్టుకోకూడని సందర్భాలు

ముందు వీటిని పక్కకు తీద్దాం. ఛాతీ మధ్యలో బరువుగా, పట్టేసినట్టు ఉండి చెమటలు పడుతుంటే అది గ్యాసని సోడా తాగి పడుకోవద్దు. దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడ వెంటనే ఈసీజీ తీయించాలి. షుగరు ఉన్నవాళ్లలో గుండెపోటు కొన్నిసార్లు కడుపు ఉబ్బరంలాగే కనిపిస్తుంది. రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనంతో కళ్లు తిరగడం, పొట్ట చెక్కలా బిగుసుకుపోవడం, వాంతులవుతూ మలం గానీ గాలి గానీ కిందికి పోకపోవడం, బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగిన నొప్పి, కామెర్లతో పాటు మాట తడబడటం, ఇవన్నీ 108కి ఫోను చేయవలసినవే. అపెండిక్స్ ఆపరేషన్‌కు జిల్లా ఆసుపత్రిలోని జనరల్ సర్జన్ చాలు. పేరున్న గ్యాస్ట్రో డాక్టరు, అంటే జీర్ణకోశ వ్యాధుల స్పెషలిస్టు కోసం కారు మాట్లాడుకుని వంద కిలోమీటర్లు వెళ్లేలోపు అది పగిలితే, చిన్న ఆపరేషన్‌తో పోయేది పెద్దదవుతుంది. జిల్లాలో ప్రాణం కుదుటపడ్డాక పై వైద్యానికి ఎక్కడికి వెళ్లాలో అక్కడి డాక్టర్లే రాసి పంపుతారు.

ఫిజీషియనా, గ్యాస్ట్రో డాక్టరా?

మిగతా సందర్భాల్లో మొదటి అడుగు జిల్లాలోనే, జనరల్ మెడిసిన్ ఎండీ చేసిన ఫిజీషియన్ దగ్గర పడాలన్నది నా అభిప్రాయం. డబ్బు ఆదా అవుతుందని మాత్రమే ఈ మాట అనడం లేదు. కడుపు బాధ చాలాసార్లు కడుపులో పుట్టదు. థైరాయిడ్ మందగిస్తే మలబద్ధకం వస్తుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి గ్యాసు, నీళ్ల విరేచనాలు తెస్తుంది. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవాళ్లకు కడుపు ఖాళీ కావడమే ఆలస్యమై, రెండు ముద్దలకే నిండినట్టు ఉంటుంది. రక్తహీనతకు ఇచ్చిన ఐరన్ మాత్రలతో మలం నల్లబడితే లోపల రక్తం పోతోందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఇవన్నీ ఒకేచోట కలిపి చూసేది ఫిజీషియనే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగి, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తాగునీరు మారింది కానీ వాళ్ల మోకాళ్లు, నడుములు మారలేదు. పాలమూరులోనైతే రాళ్లు మోసి, సిమెంటు కలిపి, బొంబాయి, పుణె వలసల్లో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు ఇంటింటికీ కనిపిస్తారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది నొప్పి మాత్ర. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో కాగితంలో చుట్టి ఇచ్చే మూడు రంగుల మాత్రల్లో డైక్లోఫెనాక్ లాంటిది ఒకటి తప్పకుండా ఉంటుంది, కొన్నిసార్లు స్టెరాయిడ్ కూడా. ఏళ్ల తరబడి వాటిని మింగితే కడుపులో పుండు పడుతుంది. పుండుకు మందు వాడుతూ నొప్పి మాత్ర మానకపోతే ఎంత గొప్ప ఆసుపత్రికి వెళ్లినా తిరిగి అక్కడికే వస్తారు. అంత దూరం వెళ్లి, ఎండోస్కోపీ చేయించుకుని, డాక్టరు అడిగితే "నొప్పుల మాత్రా? ఎప్పుడో ఒకటి" అని చెప్పే పెద్దవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ మాత్రల ఖాళీ అట్టలు నాలుగు సంచిలో వేసుకుని వెళ్తే ఆ ఇబ్బంది ఉండదు. పేరు తెలియకపోయినా అట్ట చూసి డాక్టరే తెలుసుకుంటాడు.

ఫిజీషియన్ ఇచ్చిన మందు నాలుగు నుంచి ఎనిమిది వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 'సరిగ్గా' అనడానికి కారణం ఉంది. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మాత్రలు తిండికి అరగంట ముందు పరగడుపున వేసుకుంటేనే పూర్తిగా పనిచేస్తాయి. మన దగ్గర చాలామంది వాటిని అన్నం తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకుని, మందు పనిచేయలేదని తీర్పు చెప్పేస్తారు. అన్నం దగ్గర మొదలై నీళ్ల దాకా మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తహీనత, మలంలో రక్తం, ఇంట్లో ఎవరికైనా కడుపు లేదా పేగు క్యాన్సర్ వచ్చి ఉండటం, యాభై దాటిన వయసులో కొత్తగా బాధ మొదలవడం, వీటిలో ఏది ఉన్నా వారాలు లెక్కపెట్టకుండా నేరుగా గ్యాస్ట్రో దగ్గరికే వెళ్లాలి. గుట్కా, బీడీ, మందు అలవాటు ఉన్న మనిషికి మింగుడు పడటం లేదంటే ఒక్క వారం కూడా ఆగకూడదు.

పొట్ట స్కానింగ్ నార్మల్ అని వచ్చింది కదా అని ఊరుకునేవాళ్లకు ఒక మాట. అల్ట్రాసౌండ్‌లో లివర్, పిత్తాశయం, కిడ్నీలు బాగా కనిపిస్తాయి. కడుపు లోపలి పుండు అందులో కనిపించదు. దానికి ఎండోస్కోపీయే కావాలి.

బోర్డు మీద ఏం చదవాలి

జిల్లా కేంద్రాల్లో 'గ్యాస్ట్రో & లివర్ కేర్' అని రాసిన బోర్డులు ఇప్పుడు చాలానే వెలిశాయి. పేరు కింద ఏముందో చూడండి. ఎంబీబీఎస్ తర్వాత జనరల్ మెడిసిన్‌లో మూడేళ్ల ఎండీ, ఆ పైన ఇంకో మూడేళ్ల డీఎం చేసినవాళ్లు మెడికల్ గ్యాస్ట్రోఎంటరాలజిస్టులు. మందులతో, ఎండోస్కోపీతో చేసే వైద్యం వీళ్లది. ఎంఎస్ జనరల్ సర్జరీ తర్వాత ఎంసీహెచ్ చేసినవాళ్లు సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజిస్టులు. డీఎంకు, ఎంసీహెచ్‌కు సమానంగా డీఆర్‌ఎన్‌బీ అని కూడా ఉంటుంది, అదీ సరైన చదువే. ఇవేవీ లేకుండా ఎంబీబీఎస్ పక్కన బ్రాకెట్లలో గ్యాస్ట్రో అని, ఫెలోషిప్ అని పొడుగాటి అక్షరాలు ఉంటే ఆ డాక్టరు స్పెషలిస్టు కాదు. మంచి డాక్టరే కావచ్చు, కానీ స్పెషలిస్టు ఫీజు కట్టవలసిన పని లేదు. అనుమానం వస్తే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో పేరు, రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసుకోవచ్చు.

మెడికల్, సర్జికల్ తేడా తెలియక దారి తప్పేది ఎక్కువగా పిత్తాశయంలో రాళ్ల దగ్గరే. వేరే దేనికో స్కానింగ్ తీస్తే రాయి కనిపిస్తుంది, "ఆపరేషన్ చేయించేయండి" అనే మాట వస్తుంది. ఏ బాధా పెట్టని రాయికి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. కుడివైపు పక్కటెముకల కిందో, పొట్ట పైభాగం మధ్యలోనో, నూనె వంట తిన్నాక మొదలై అరగంట నుంచి కొన్ని గంటల దాకా పట్టి ఉండే నొప్పి ఉంటే అప్పుడు ఆపరేషన్ మాట న్యాయం. దానికి జిల్లాలో ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) అనుభవమున్న జనరల్ సర్జన్ సరిపోతాడు, హైదరాబాద్ అక్కర్లేదు. రాయి జారి పిత్తనాళంలో పడి కామెర్లు వస్తే మాత్రం లెక్క మారుతుంది. దాన్ని నోటి ద్వారా గొట్టం పంపి తీసే ఈఆర్‌సీపీకి మెడికల్ గ్యాస్ట్రో ఉన్న పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి.

మొలలకు 'గ్యారంటీ వైద్యం' బోర్డుల గురించి ఎక్కువ రాయను. మలంలో రక్తం పడిన ప్రతిదీ మొలలు కాదు. వేలితో పరీక్ష కూడా చేయకుండా ఇంజెక్షను వేస్తామనే చోటు నుంచి లేచి వచ్చేయండి.

ఆదివారం వచ్చే డాక్టరు

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి లాంటి పట్టణాల్లో ఇదొక ప్రత్యేకమైన ఏర్పాటు. హైదరాబాద్‌లో పనిచేసే గ్యాస్ట్రో డాక్టరు వారానికి ఒక రోజో, నెలకు రెండు సార్లో వచ్చి స్థానిక నర్సింగ్ హోమ్‌లో కూర్చుంటాడు. ముందు రోజే ఆటోకు మైకు కట్టి ఊరంతా చెబుతారు. హాలు పెళ్లిలా ఉంటుంది. పేరు రాయించుకుని, బీపీ చూపించుకుని, పరగడుపున వచ్చినవాళ్లంతా గోడవారగా కూర్చుంటే, లోపలి నుంచి పది నిమిషాలకొకరు ఎండోస్కోపీ చేయించుకుని గొంతు పట్టుకుని బయటికి వస్తుంటారు.

నాలుగోసారి వెళ్లగలరా అనే నా ప్రశ్నకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. అదే డాక్టరు, ప్రయాణం లేదు, రోజు కూలీ పూర్తిగా పోదు. దీర్ఘకాలం మందులు వాడవలసినవాళ్లకు, హెపటైటిస్, ఫ్యాటీ లివర్ (లివర్‌కు కొవ్వు పట్టడం), ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా కడుపునొప్పి, విరేచనాల తేడా మళ్లీ మళ్లీ రావడం) లాంటి వాటికి దీన్ని మించిన దారి లేదనుకుంటాను. కానీ ఒప్పుకునే ముందు మూడు సంగతులు అడగాలి. ఒకటి, సోమవారం ఏదైనా తేడా వస్తే ఇక్కడ ఎవరు చూస్తారు? ఫోనులో సమాధానం చెప్పే డాక్టరు పేరైనా ఉండాలి. రెండు, ఎండోస్కోపీలో లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపితే రిపోర్టు ఎవరి చేతికి ఎప్పుడు వస్తుంది? వచ్చే ఆదివారం డాక్టరు రాకపోతే అది అల్మారాలోనే ఉండిపోకూడదు.

మూడోది అడగడానికి మొహమాటపడతారు కానీ అన్నిటికంటే ముఖ్యం. ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఎండోస్కోపీ గొట్టం ఎలా శుభ్రం చేస్తారు? పైపైన తుడిచి, నీళ్లతో కడిగితే చాలదు. లోపలి సన్నటి దారులన్నీ బ్రష్షుతో తోమి, క్రిమిసంహారక ద్రావణంలో నిర్ణీత సమయం ఉంచి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. సరిగ్గా చేస్తే దీనికి అరగంటకు తక్కువ పట్టదు. ఇప్పుడు మీరే లెక్క వేసుకోండి: గొట్టం ఒకటే ఉండి, పది నిమిషాలకొకరు బయటికి వస్తున్నారంటే శుభ్రం చేసే సమయం ఎక్కడిది? మూడు నాలుగు గొట్టాలు తిప్పుతూ వాడుతుంటే ఫరవాలేదు. ఈ ప్రశ్న అడిగితే మంచి చోట కోప్పడరు, లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. జిల్లా పట్టణంలో ఒక చోట మా బంధువు అడిగితే "మీకు ఇష్టం లేకపోతే వెళ్లండి" అన్నారు. వచ్చేశాం.

ప్రభుత్వ ఆసుపత్రుల మాట

పదేళ్ల కిందటి పరిస్థితి ఇప్పుడు లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాల, నారాయణపేటల్లో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి అనుబంధ ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా రక్తపరీక్షలు ఉచితం. మొదటి అడుగుకు, అంటే ఫిజీషియన్ చూపుకు, లివర్ పరీక్షలకు, స్కానింగ్‌కు ఇవి చాలు. రోజూ ఉండే గ్యాస్ట్రో స్పెషలిస్టు కావాలంటే మాత్రం వెళ్లే ముందు కనుక్కోవాలి. ఎండోస్కోపీ ఏ రోజు చేస్తారో కూడా అడిగి వెళ్లండి, లేకపోతే పరగడుపున వెళ్లి తిరిగి రావలసి వస్తుంది.

హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ మూడింటిలోనూ గ్యాస్ట్రో విభాగాలు ఉన్నాయి. నాణ్యతలో ఏది మేలని తూకం వేసుకుంటూ కూర్చోవడం కంటే ఏది దారిలో ఉందో చూసుకోమంటాను, ఎందుకంటే మళ్లీ వెళ్లాలి కదా. మహబూబ్‌నగర్ వైపు రైల్లో కాచిగూడలో దిగినా, ఏ వైపు బస్సులోనైనా ఎంజీబీఎస్‌లో దిగినా ఉస్మానియా దగ్గర. నల్లగొండ, మిర్యాలగూడ నుంచి రైల్లో సికింద్రాబాద్ వెళ్లేవాళ్లకు గాంధీ దగ్గర. నల్లగొండ, సూర్యాపేట బస్సుల్లో ఎల్బీనగర్ దగ్గర దిగి మెట్రో ఎక్కితే, రైలు మారే పని లేకుండా నిమ్స్ ఉన్న పంజాగుట్టకు చేరతారు. ఉస్మానియా, గాంధీలలో వైద్యం ఉచితం. ఓపీలో పడిగాపులు తప్పవు, అది దాచి లాభం లేదు. ఉస్మానియాలో కాలేయ మార్పిడి ఆపరేషన్లు కూడా జరిగాయి, కాబట్టి సర్కారు దవాఖానాలో పెద్ద వైద్యం ఉండదనుకోవడం పొరపాటు. నిమ్స్‌లో డబ్బు కట్టాలి, కానీ కార్పొరేట్ కంటే తక్కువ.

నల్లగొండ, భువనగిరి వైపు వాళ్లు బీబీనగర్ ఎయిమ్స్‌ను మరిచిపోతుంటారు. నల్లగొండ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు మార్గం బీబీనగర్ మీదుగానే పోతుంది; అక్కడ ఆగే బండి చూసుకుని ఎక్కితే నగరంలోకి వెళ్లే పనే లేదు. ఓపీ చీటీ ఖర్చు నామమాత్రం. ఏ విభాగం ఏ రోజు చూస్తుందో ముందుగా తెలుసుకుని వెళ్లడం ఒక్కటే షరతు.

కార్పొరేట్ ఎప్పుడు

హైదరాబాద్ జీర్ణకోశ వైద్యానికి దేశమంతటా పేరుంది. ఆ పేరులో ఎక్కువ పాలు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీది. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. సోమాజిగూడలో మొదలైన ఆ సంస్థకు ఇప్పుడు గచ్చిబౌలిలో పెద్ద ఆసుపత్రి ఉంది. బయట రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. పిత్తనాళంలో రాయి, పాంక్రియాస్ (క్లోమం) జబ్బులు, క్లిష్టమైన లివర్ కేసులు, ఎక్కడా తేలని పేగు జబ్బులు లాంటి వాటికి ఇలాంటి పెద్ద ఆసుపత్రులకు వెళ్లడం సబబే. గ్యాసుకు, తేన్పులకు అక్కర్లేదు.

డబ్బు లెక్క వేసేటప్పుడు కన్సల్టేషన్ ఫీజు చూసి మోసపోవద్దు. ఎండోస్కోపీ ధర చెప్పినప్పుడు అందులో మత్తు ఇంజెక్షను, ముక్క తీస్తే దాని పరీక్ష, మందులు కలిసి ఉన్నాయా లేవా అని అడగాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే అది జాబితాలో ఉన్న చికిత్సలకు, ఒప్పందం ఉన్న ఆసుపత్రిలో చేరితే వర్తించేది. ఊరికే చూపించుకుని పరీక్షలు చేయించుకునే ఓపీ ఖర్చు సాధారణంగా చేతి నుంచే పోతుంది. చేరవలసి వస్తుందని తెలిసిన రోజే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి, డబ్బు కట్టి చేరిపోయాక కాదు.

కార్పొరేట్‌కు వెళ్లి జబ్బు తేల్చుకున్నాక నేను చెప్పే పద్ధతి ఇది. "మాది అచ్చంపేట, నెలనెలా రాలేం. ఏ పరీక్ష ఎన్ని నెలలకోసారి, ఏ అంకె దాటితే మీ దగ్గరికి రావాలి, మా ఊళ్లో డాక్టరుకు రాసివ్వండి" అని ఆ డాక్టరునే అడగాలి. అడిగితే చాలామంది రాసిస్తారు. ఆ కాగితం పట్టుకుని జిల్లా ఫిజీషియన్ దగ్గర వైద్యం కొనసాగించవచ్చు. మధ్యలో సందేహం వస్తే వీడియో సంప్రదింపు ఉంది. ప్రభుత్వ ఈ-సంజీవనిలోనైతే అది ఉచితం. రిపోర్టు చూసి మందు మార్చడానికి వీడియో చాలు. కొత్తగా మొదలైన నొప్పికి చాలదు, పొట్ట నొక్కి చూడవలసిందే.

కొలనోస్కోపీకి దూరమే అసలు చిక్కు

ఎండోస్కోపీకి ఎంత దూరమైనా వెళ్లవచ్చు. రాత్రి తేలిగ్గా తిని, 6 నుంచి 8 గంటలు కడుపు ఖాళీగా ఉంచి, తెల్లవారుజామున బస్సెక్కితే సరి. పరీక్ష అయిదు పది నిమిషాలదే. గొంతుకు స్ప్రే కొట్టి చేస్తే వెంటనే తిరిగి రావచ్చు. మత్తు ఇస్తే ఆ రోజంతా బండి నడపకూడదు, తోడు మనిషి ఉండాలి.

పెద్దపేగు చూసే కొలనోస్కోపీ అలా కాదు. అంతకు ముందు పేగు పూర్తిగా కడిగినట్టు కావాలి. ఒకటి రెండు రోజుల ముందు నుంచే జొన్నరొట్టె, ఆకుకూరలు, గింజలున్న కూరగాయలు, జామపండు మానేసి, తెల్లన్నం, పల్చటి మజ్జిగతో గడపాలి. ఆ తర్వాత లీటర్ల కొద్దీ కలుపుకుని తాగే మందు ఇస్తారు. సగం ముందు రోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు కొన్ని గంటల ముందు. ఆ రెండో సగం తాగాక గంటలో ఎన్నిసార్లు లేవాలో లెక్క ఉండదు. గద్వాల నుంచో దేవరకొండ నుంచో వచ్చే మనిషి ఆ మందు ఇంట్లో తాగి మూడు నాలుగు గంటలు బస్సులో కూర్చోగలడా? భయపడి సగమే తాగి వస్తారు, పేగు శుభ్రం కాదు, మసకమసకగా చూసి "మళ్లీ చేయించాలి" అని రాస్తారు. డబ్బూ పోయె, బాధా మిగిలె.

కాబట్టి ఈ ఒక్క పరీక్షకు మాత్రం అనుభవమున్న డాక్టరు జిల్లాలోనే దొరికితే అదే మేలు. ఇంటి నుంచి అరగంటలో చేరే చోటు కావాలి. హైదరాబాద్‌లోనే చేయించక తప్పదంటే ముందు రాత్రి అక్కడే ఉండే ఏర్పాటు చేసుకోవాలి, మరుగుదొడ్డి పక్కనే ఉన్న గదిలో. చుట్టాల ఇంట్లో మొహమాటమైతే ఆసుపత్రిలోనే చేర్చుకుని మందు తాగిస్తారా అని అడగండి. ముసలివాళ్లకు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లకు అదే క్షేమం కూడా. రక్తం పల్చబడే మందులు, షుగరు మాత్రలు, ఇన్సులిన్ ఏం చేయాలో తేదీ ఖాయమైన రోజే రాయించుకోవాలి.

మత్తు ప్రసక్తి వచ్చింది కాబట్టి కల్లు సంగతి. తాటికల్లు, ఈతకల్లు వేరు. పాలమూరు వైపు కొన్ని దుకాణాల్లో ఆల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి మత్తుమందులు కలిపి అమ్మిన కల్లు వేరు, ఆ కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. రోజూ అలాంటి కల్లు తాగే మనిషికి ఎండోస్కోపీలో ఇచ్చే మామూలు మోతాదు మత్తు ఎక్కకపోవచ్చు. ఆసుపత్రిలో చేరి రెండు మూడు రోజులు కల్లు ఆగితే వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంట్లో ఆడవాళ్ల ముందు చెప్పడానికి సిగ్గుపడితే డాక్టరుతో విడిగా చెప్పండి, కానీ చెప్పండి.

కామెర్లకు పసరు

కామెర్లకు పసరు మందు పోసే ఊళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు, వాతలు పెట్టేవాళ్లూ ఉన్నారు. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చిన కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. అదే కామెర్లు పిత్తనాళంలో రాయి వల్లో, గడ్డ వల్లో, హెపటైటిస్ బి వల్లో వస్తే పసరు కోసం గడిపిన నెల తిరిగిరాదు. ఒంటి దురద, తెల్లబారిన మలం ఉంటే నాళం మూసుకుందేమో అనుకోవాలి. ఇక్కడ ఎంపిక తేలిక: లివర్ రక్తపరీక్ష, హెపటైటిస్ పరీక్షలు, పొట్ట స్కానింగ్ మూడూ జిల్లా ఆసుపత్రిలోనే అవుతాయి. నాళం ఉబ్బినట్టు స్కానింగ్‌లో వస్తే ఈఆర్‌సీపీ ఉన్న హైదరాబాద్ ఆసుపత్రి, లేకపోతే జిల్లా ఫిజీషియన్. గర్భిణికి కామెర్లు వస్తే ఏ పోలికా వద్దు, అదే రోజు పెద్దాసుపత్రి.

సరిహద్దు ఊళ్లకు

అలంపూర్, గద్వాల వాళ్లకు హైదరాబాద్ కంటే కర్నూలు ఎంతో దగ్గర. మక్తల్, కృష్ణా మండలాల వాళ్లు రాయచూరు వెళ్తారు. కోదాడ, హుజూర్‌నగర్ వాళ్లలో విజయవాడ వెళ్లేవాళ్లున్నారు. నాలుగోసారి వెళ్లగలిగే చోటు అన్న నా లెక్క ప్రకారం ఇవి సరైన ఎంపికలే. కాకపోతే అది వేరే రాష్ట్రం. మన ఆరోగ్యశ్రీ ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో చేరకముందే అడిగి తెలుసుకోవాలి. చూపించుకోవడానికి, మందులకు అక్కడికి వెళ్లి, ఆపరేషన్ అవసరమైతే హైదరాబాద్ వచ్చేవాళ్లూ ఉన్నారు, అందులో తప్పేమీ లేదు.

అలా డాక్టరు మారినప్పుడల్లా పరీక్షలన్నీ మొదటి నుంచి చేయించకుండా ఉండాలంటే కాగితాలు తేదీల వారీగా ఒక ఫైలులో ఉండాలి. ఎండోస్కోపీ రిపోర్టుతో పాటు ఫొటోలు, సీటీ స్కాన్ అయితే ఫిల్ముతో పాటు సీడీ అడిగి తీసుకోండి. కొన్ని చోట్ల ఇచ్చే నున్నటి కాగితం మీద అచ్చు ఏడాదికల్లా వెలిసిపోతుంది, అందుకని ఇంటికి రాగానే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి. ముక్క తీసి పరీక్షించిన చోట రిపోర్టు కాగితం ఒక్కటే ఇస్తారు, కానీ ఆ ముక్కను మైనంలో పెట్టిన బ్లాకు ల్యాబులో భద్రంగా ఉంటుంది. క్యాన్సర్ అనో, పేగు టీబీ అనో వస్తే రెండో డాక్టరు దాన్ని మళ్లీ చూడాలంటాడు. పేగు టీబీకీ, పేగుల్లో దీర్ఘకాలం వాపు, పుండ్లు తెచ్చే క్రోన్స్ జబ్బుకూ తేడా కట్టడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. బ్లాకు, స్లైడ్లు కావాలని ల్యాబులో చీటీ రాసిస్తే ఇస్తారు, రెండోసారి గొట్టం వేయించుకునే అవసరం చాలాసార్లు తప్పుతుంది.